ఆకుకూర మళ్ళు తవ్వే పిల్లులు: జాలీ, కంప, వాసన, యంత్రం, ఇసుక గుంట... మీ పెరటికి ఏది నప్పుతుంది?

నెల్లూరులోనూ, అటు కొత్తపట్నం దాకా సముద్రం వైపు ఊళ్ళలోనూ చాలా పెరళ్ళ మట్టిలో ఇసుక పాలు ఎక్కువ. ఆకుకూరలకు అది మంచిదే. వేరు సులువుగా దిగుతుంది, వాన పడినా నీళ్ళు నిలవవు. పిల్లికి కూడా సరిగ్గా అలాంటి మట్టే కావాలి. పొడిగా, గుల్లగా ఉండి రెండుసార్లు గీరితే గుంట పడాలి, పని అయ్యాక కప్పడానికి వీలుండాలి. మనం మడి తవ్వి, గడ్డలు చితక్కొట్టి, మాగిన పేడ ఎరువు కలిపి, అరచేత్తో చదును చేసి మెంతులు చల్లుతాం. ఆ రాత్రి వీధిలో తిరిగే పిల్లికి అంతకన్నా మంచి చోటు ఇంకెక్కడా కనపడదు.

మాది వేదాయపాళెం వైపు. ఇంటి వెనక ఐదు చిన్న మళ్ళున్నాయి. ఎదురు స్థలంలో రెండేళ్ళపాటు ఇల్లు కట్టారు. అన్నాళ్ళూ అక్కడ గేటు పక్కన ఇసుక కుప్ప ఉండేది. అప్పట్లో మా పెరట్లో పిల్లుల బెడద ఉన్నట్టు నాకు గుర్తు లేదు. గృహప్రవేశం అయింది, మిగిలిన ఇసుక ట్రాక్టరులో వెళ్ళిపోయింది. ఆ వారమే మా మెంతి మడి తవ్వేశాయి. ఈ రెండిటికీ సంబంధం ఉందని అర్థం కావడానికి నాకు ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా నిమ్మ తొక్కలు, కారం, రంగునీళ్ళ సీసాలు ఒకదాని తర్వాత ఒకటి ప్రయత్నించాను. పిల్లికి నా మెంతికూర మీద పగ ఏమీ లేదు. దానికి పొడి మట్టి కావాలి, అంతే. ఈ సంగతి పట్టుకుంటే ఏ ఉపాయానికి డబ్బు పెట్టాలో, దేనికి పెట్టకూడదో తేలిగ్గా తేలుతుంది.

ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

మొదట చూడాల్సింది మడి ఏ దశలో ఉందన్నది. మెంతి మూడు నాలుగు రోజుల్లో మొలుస్తుంది, తోటకూర వారంలోపు వస్తుంది, కొత్తిమీరకు పది రోజుల దాకా పడుతుంది. విత్తనం చల్లిన రోజు నుంచి ఆకులు కమ్ముకుని మట్టి కనపడకుండా పోయేవరకు, అంటే సుమారు మూడు వారాలు, అసలు ప్రమాదం ఉంటుంది. ఆ తర్వాత పిల్లి మడిలోకి రావడం చాలావరకు తగ్గుతుంది. కాబట్టి ఆకుకూరలకు శాశ్వతమైన కోట అక్కర్లేదు, ఆ మూడు వారాలు గడిపే కాపు చాలు. గులాబీ, కరివేపాకు, జామ లాంటివాటి పాదుల్లో మాత్రం మట్టి ఏడాది పొడుగునా బయటికే ఉంటుంది. వాటికి ఏడాది పొడుగునా నిలిచే ఉపాయం కావాలి.

రెండోది మన వాతావరణం. మన జిల్లాలకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. శీతాకాలపు ఆకుకూరలు వేసేదీ ఆ రోజుల్లోనే. ఏదైనా చల్లి, పిచికారీ చేసి ఆపుదామంటే ఒక్క వానకు కడిగేసుకుపోతుంది. మే నెలలో నలభై డిగ్రీలు దాటిన ఎండకు తొక్కలు, ఆకులు ఒక్క పూటలో ఎండి వాసన పోతాయి.

మూడోది, దానివల్ల ఎవరికి హాని అన్నది. పిల్లికి, మన పిల్లలకు, మట్టికి, ఆ ఆకు తినే మనకు కూడా. ఈ విషయంలో నేను ఎక్కడా రాజీ పడను.

నాలుగోది మన సొంత పని. రోజూ నీళ్ళు పోయాలి, కలుపు తీయాలి, కూరకు కోసుకోవాలి. పిల్లిని ఆపే ఏర్పాటు మనల్నే ఆపేస్తే పదిరోజుల్లో విసిగి తీసి పారేస్తాం.

వచ్చే పిల్లి ఎవరిదన్నది కూడా చూడండి. పక్కింటివాళ్ళు పెంచుకునేదైతే మాట్లాడుకోవచ్చు. వీధి పిల్లి అయితే అది మీ పెరట్లోకే ఎందుకు వస్తుందో చూడాలి. చాలాసార్లు కారణం మన వంటింట్లోనే ఉంటుంది, దాని సంగతి చివర్లో చెబుతాను.

మట్టి మీద పరిచే జాలీ

నా ఓటు దీనికే. కోళ్ళ గూళ్ళకు కొట్టే చికెన్ మెష్, ఒక అంగుళం కన్ను ఉన్నది, హార్డ్‌వేర్ షాపుల్లో మీటర్ల లెక్కన కోసి ఇస్తారు. విత్తనం చల్లి, పైన పలచగా మట్టి కప్పి, తడిపి, ఆ మడి కొలతకు కోసిన జాలీని నేల మీదే పరచాలి. పైకి ఎత్తి కట్టక్కర్లేదు. పిల్లి వస్తుంది, గీరబోతుంది, పంజాకు తీగ తగులుతుంది, మట్టి కదలదు. దానికి దెబ్బ తగలదు, కానీ తవ్వడానికి వీల్లేదని తెలుస్తుంది. మా ఇంట్లో రెండు రాత్రులు వచ్చి చూసి, మూడో రాత్రి నుంచి ఆ మడి వైపు రావడం మానేశాయి.

మొలకలు ఆ కన్నుల్లోంచి హాయిగా పైకి వస్తాయి. నీళ్ళు మామూలుగానే పోసుకోవచ్చు. చిక్కు ఒక్కటే. తోటకూరను మనం వేళ్ళతో సహా పీకుతాం. జాలీ ఉండగా పీకితే వేరు తీగకు పట్టుకుని కాడ తెగుతుంది. అందుకని తోటకూర మడికి మొలక రెండంగుళాలు ఎదగ్గానే జాలీ ఎత్తేయాలి. ఆలస్యం చేస్తే ఆకులు వెడల్పై చిక్కుకుంటాయి, ఎత్తేటప్పుడు సగం మొక్కలు దానితో పాటే వచ్చేస్తాయి. మొదటిసారి నాకు అలాగే ఒక మడి పోయింది. పాలకూర, కొత్తిమీర కత్తెరతో కోసుకునేవాళ్ళయితే జాలీ అలాగే ఉంచేయొచ్చు.

కోసిన అంచుల్లో తీగ మొనలు సూదుల్లా ఉంటాయి. వాటిని కటింగ్ ప్లేయరుతో కిందికి వంచి, అంచుల మీద ఇటుకలు పెట్టండి, లేదా లావు తీగను యూ ఆకారంలో వంచి నేలలోకి గుచ్చండి. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో, అంటే మైపాడు, కొత్తపట్నం లాంటి చోట్ల, మామూలు ఇనప జాలీ త్వరగా తుప్పు పడుతుంది. అక్కడ ప్లాస్టిక్ పూత ఉన్నదో, గట్టి ప్లాస్టిక్ జాలీయో తీసుకోవడం మేలు.

వంపు పైపుల మీద వల

మడికి అడ్డంగా డ్రిప్ పైపో, సన్నని వెదురు బద్దలో విల్లులా వంచి గుచ్చి, పైన షేడ్ నెట్ కప్పే పద్ధతి. చూడటానికి ఇది అన్నిటికన్నా కట్టుదిట్టంగా ఉంటుంది. వేసవిలో ఆకుకూర వేసేవాళ్ళకు ఎండ కాపు కూడా దొరుకుతుంది కాబట్టి ఒక ఖర్చుతో రెండు పనులవుతాయి. పిట్టలు, కోళ్ళు కూడా రావు.

అయితే వల బిగువుగా లేకపోతే పిల్లులు దాని మీదెక్కి ఉయ్యాలలో పడుకున్నట్టు పడుకుంటాయి, కింద మొక్కలు నలుగుతాయి. నవంబరులో వాయుగుండం పట్టి గాలి లేస్తే వల మొత్తం పక్కింట్లో ఉంటుంది. ప్రతిసారీ నీళ్ళకూ కోతకూ ఎత్తి దించాలి. కాకర, బీర లాంటి పాదులు పూతకొచ్చాక వల కప్పి ఉంచితే తేనెటీగలు రాలేక పిందె పడదు.

మన తీరంలో పాత చేపల వలలు తక్కువకే దొరుకుతాయి కదా అని చాలామంది అవే వాడతారు. దయచేసి సన్నని నైలాన్ దారం వలలు నేల దగ్గర వాడకండి. ఒక వానాకాలం పొద్దున మా మడి అంచున జెర్రిపోతు అలాంటి వలలో చుట్టుకుని, విడిపించుకోబోయి ఇంకా బిగుసుకుని ఉంది. కత్తెరతో దారం ఒక్కొక్కటే కోసి వదిలేసరికి గంట పట్టింది. తొండలు, పిట్టలు కూడా అలాగే చిక్కుకుంటాయి. పిల్లి పిల్ల చిక్కుకుంటే మెడకు బిగుసుకుంటుంది. వాడితే లావు అల్లిక ఉన్న షేడ్ నెట్టే వాడండి, అంచులు నేలకు వదులుగా వేలాడకుండా చూడండి.

కంప, పుల్లలు

పైసా ఖర్చు లేనిది ఇదే. సరుగుడు కట్టెల్లో మిగిలే సన్న పుల్లలు, కొబ్బరి ఈనెల కట్టలు, ఎండిన కంది కట్టె, ఏదైనా సరే. మడి నిండా బెత్తెడు దూరంలో నిలువుగా గుచ్చడమే. పిల్లి గీరడానికి ముందు ఒక చుట్టు తిరిగి, కూర్చోవడానికి చోటు చూసుకుంటుంది. ఆ తిరిగే చోటు దొరక్కుండా చేయడమే ఇందులో ఉన్న కిటుకు. దూరం జానెడు చేశారంటే మధ్యలో కూర్చుంటుంది, ఉపయోగం ఉండదు.

నాలుగైదు కుండీలకు, వంగ, మిరప నారు నాటిన చోటుకు ఇది బాగా పనికొస్తుంది. పెద్ద మడి నిండా గుచ్చాలంటే ఓపిక కావాలి, తర్వాత కలుపు తీసేటప్పుడు చేతులు గీరుకుంటాయి. తుమ్మ ముళ్ళు, సర్కారు తుమ్మ కంప పొలం గట్టుకు సరే కానీ పిల్లలు చెప్పుల్లేకుండా తిరిగే పెరట్లో వద్దు. పిల్లి పాదంలో ముల్లు దిగితే దానికి తీసేవాళ్ళుండరు. మొద్దు పుల్లలతోనే పని జరుగుతుంది.

గట్టి కప్పు, తడి నేల

పాదుల్లో ఏడాది పొడుగునా మట్టి కనపడకుండా కప్పాలంటే బరువైన వస్తువు కావాలి. ప్రకాశం జిల్లా వాళ్ళకు ఇది సులువు. చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైట్ కోతల్లో మిగిలిన చెక్కలు, ముక్కలు ఉంటాయి. అరచేతి సైజు ముక్కలు గులాబీ, కరివేపాకు మొదళ్ళ చుట్టూ పరిస్తే పిల్లి కదిలించలేదు. మొక్క కాండానికి మాత్రం నాలుగంగుళాల ఎడం వదలండి. నల్లరాయి మే ఎండకు కాలుతుంది, లేత మొక్కల మొదళ్ళు మాడతాయి. అందుకే ఆకుకూర మళ్ళకు రాయి వద్దు.

అందరికీ దొరికేది కొబ్బరి డొక్క. పీచు వైపు కిందికి, వీపు పైకి వచ్చేలా దగ్గర దగ్గరగా బోర్లించాలి. తడి కూడా నిలుస్తుంది. వేరుశనగ పొట్టు, ఊక, కొబ్బరి పీచు పొడి మాత్రం పిల్లికి ఇసుక లాంటివే, తేలిగ్గా గీరేస్తుంది. అవి పరిచి పిల్లులు ఆగలేదని బాధపడేవాళ్ళను చాలామందిని చూశాను.

తడి గురించి ఒక చిన్న మార్పు చెబుతాను, దీనికి ఏమీ ఖర్చు లేదు. మన దగ్గర చాలామంది పొద్దున నీళ్ళు పోస్తారు. రాత్రికి పై మట్టి పొడిగా అయిపోతుంది, పిల్లులు తిరిగేదీ అప్పుడే. విత్తనం మొలిచేదాకా సాయంత్రం పోయడానికి మారండి. తడి మట్టి పిల్లికి నచ్చదు. దీనితోనే పూర్తిగా ఆగవు, కానీ మిగతా ఏ పద్ధతికైనా ఇది బలం.

వాసనలు: ఏవి పర్లేదు, ఏవి అసలు వద్దు

నిమ్మ, బత్తాయి తొక్కల వాసన చాలా పిల్లులకు పడదు, అది నిజమే. పొదలకూరు నిమ్మకాయలు ఇంటి నిండా ఉండే మనకు తొక్కలకు కొదవ లేదు. కానీ అవి తాజాగా ఉన్నంతసేపే పనిచేస్తాయి. రోజూ మార్చే ఓపిక ఉంటే ఒకటి రెండు కుండీలకు సరిపోతుంది, మడికి చాలదు. వేపపిండి మట్టికి మంచిది, వేసుకోండి, పిల్లులు ఆగుతాయని మాత్రం వేయొద్దు. నిమ్మగడ్డి నాటితే రావంటారు. మా ఇంట్లో పిల్లి ఆ గడ్డినే కొరుక్కుని తిన్నది.

కారం చల్లిన మర్నాడు ఒక పిల్లి పిల్ల గోడ పక్కన కూర్చుని ముందు కాళ్ళతో కళ్ళు రుద్దుకుంటూ కనపడింది. పాదాలకు అంటిన కారం నాకినప్పుడు నోటికి, ముఖం తుడుచుకున్నప్పుడు కళ్ళకు చేరుతుంది. అది చూశాక నాకు రెండు రోజులు మనసు మనసులో లేదు. మీరు కారం చల్లొద్దని అడుగుతున్నాను.

కలరా ఉండలు, కర్పూరం, ఫినాయిల్ మూడూ పిల్లికి విషమే. ఫినాయిల్ లాంటి వాటిని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. కలరా ఉండలు బిళ్ళలనుకుని చంటిపిల్లలు నోట్లో పెట్టుకుంటే ప్రాణం మీదికొస్తుంది. పైగా అవన్నీ మనం తినే ఆకుకూర మట్టిలో వేస్తున్నాం. ఇంకొకటి, ఎరువుల షాపులో వేపపిండి పక్కనే ఆముదపు పిండి ఉంటుంది. అందులో రిసిన్ అనే విషం ఉంటుంది. వాసనకు ఆశపడి కుక్కలు తిని చనిపోతాయి. పెరట్లో జంతువులు తిరిగే ఇళ్ళలో దాన్ని వాడకపోవడమే మంచిది.

రంగునీళ్ళ సీసాలు ఎవరి ఇంట్లోనూ పనిచేయడం నేను చూడలేదు.

ఆకర్షించే వాసన ఒకటి మాత్రం చాలామందికి తెలియదు. పెరళ్ళలో దానంతట అదే మొలిచే కుప్పింటాకు మొక్క వేరంటే పిల్లులకు విపరీతమైన ఇష్టం. కలుపు తీసి ఆ మొక్కల్ని వేళ్ళతో సహా మడి గట్టు మీదే పడేస్తే, సాయంత్రానికి పిల్లి వచ్చి వాటి మీద దొర్లుతుంది. పీకిన వెంటనే దూరంగా తీసుకెళ్ళండి. ఇసుక గుంట దగ్గర ఇదే వేరు మనకు పనికొస్తుంది.

యంత్రాలు

మనకు వినపడని శబ్దం చేసే అల్ట్రాసోనిక్ పెట్టెలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. మనిషి చెవి ఇరవై కిలోహెర్ట్‌జ్ దాకానే పట్టుకుంటుంది, పిల్లి చెవి అంతకు మూడు రెట్లకు పైనే వింటుంది. ఇవి పూర్తిగా మోసం కాదు. బ్రిటన్‌లో 2006లో వచ్చిన ఒక పరిశోధనలో తోటలోకి పిల్లి వచ్చే అవకాశం సుమారు మూడో వంతు తగ్గింది. ఆస్ట్రేలియాలో 2018లో వచ్చినదానిలో రాకలు సగానికి దగ్గరగా తగ్గాయి. అంటే తగ్గుతాయి, ఆగవు. చవకరకం పెట్టెలు ఈ మాత్రం కూడా చేస్తాయని నమ్మకం పెట్టుకోకండి. మీ ఇంట్లోనో పక్కింట్లోనో పెంపుడు కుక్క, పిల్లి ఉంటే వాటికి రోజంతా ఆ బాధ ఉంటుంది.

కదలిక పసిగట్టి నీళ్ళు చిమ్మే స్ప్రింక్లర్లు ఇంకా బాగా పనిచేస్తాయి. కానీ వాటికి కుళాయిలో మంచి ఒత్తిడి కావాలి. పది మీటర్ల ఎత్తున ట్యాంకు ఉంటేనే ఒక బార్ ఒత్తిడి వస్తుంది. ఒక అంతస్తు మిద్దె మీది ట్యాంకుతో అవి సరిగా చిమ్మవు. పెద్ద తోట, మోటారు లైను ఉన్నవాళ్ళు ఆలోచించవచ్చు.

ఇసుక గుంట: పిల్లికి ఇంకో చోటు చూపడం

ఎదురింటి ఇసుక కుప్ప నేర్పిన పాఠం ఇది. పెరట్లో మళ్ళకు దూరంగా, మనుషుల అలికిడి తక్కువ ఉన్న మూల, పిల్లి గోడ దూకి వచ్చే దారికి దగ్గరగా, రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు, అర అడుగు లోతు గుంట తీసి పొడి ఇసుక నింపండి. బోరుకూ బావికీ దగ్గర వద్దు. పైన వాన పడకుండా పాత రేకు ముక్క ఎత్తుగా పెట్టండి. మడిలో అది తవ్విన మట్టి గుప్పెడు తీసి ఇసుకలో కలిపితే తన చోటని గుర్తుపడుతుంది. పక్కన రెండు కుప్పింటాకు వేళ్ళు పడేయండి.

ఇది ఒక్కటే చేస్తే చాలదు. మళ్ళ మీద జాలీ పరిచిన రోజే గుంట కూడా సిద్ధం కావాలి. ఒక చోటు మూసుకున్నప్పుడు ఇంకో చోటు తెరిచి ఉంటే పిల్లి వారంలో మారిపోతుంది. మూసి వదిలేస్తే పక్క మడికో, పక్కింటికో పోతుంది.

ఇందులో మన వంతు పని రోజూ ఉంటుంది. చిన్న పారతో పొద్దున్నే మలం తీసి సంచిలో కట్టి చెత్తలో వేయాలి, కంపోస్టులో వేయకూడదు. రోజూ తీయడానికి బలమైన కారణం ఉంది. కొన్ని పిల్లుల మలంలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గుడ్ల లాంటి రూపంలో బయటికి వస్తుంది. వచ్చిన వెంటనే అది అంటుకోదు, ఒకటి నుంచి ఐదు రోజుల్లో అంటే స్థితికి చేరుతుంది. ఆలోపు తీసేస్తే ప్రమాదం బాగా తగ్గుతుంది. తడి మట్టిలో వదిలేస్తే నెలల తరబడి బతుకుతుంది. గర్భిణులకు ఇది మొదటిసారి సోకితే కడుపులో బిడ్డకు హాని. అందుకని గర్భిణులున్న ఇంట్లో మడి పని, గుంట పని వేరేవాళ్ళు చేయాలి. చేయక తప్పకపోతే గ్లౌజులు వేసుకోవాలి. పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనా, టమాటా అందరూ బాగా కడుక్కోవాలి.

పక్కపక్కన పెట్టి చూస్తే

| పద్ధతి | ఖర్చు | మన పని | వానలో, ఎండలో | ఎక్కడ నప్పుతుంది |
|---|---|---|---|---|
| నేల మీద జాలీ | కొద్దిగా, ఒక్కసారే | పరచడం, ఎత్తడం | నిలుస్తుంది, ఉప్పుగాలికి తుప్పు | విత్తిన ఆకుకూర మళ్ళు |
| వంపు వల | మధ్యస్థం | రోజూ ఎత్తి దించాలి | గాలివానకు లేస్తుంది | వేసవి మళ్ళు, నారు మళ్ళు |
| పుల్లలు | లేదు | గుచ్చే ఓపిక | నిలుస్తాయి | కుండీలు, నాటిన నారు |
| రాళ్ళు, కొబ్బరి డొక్కలు | లేదు లేదా కొద్దిగా | ఒక్కసారే | నిలుస్తాయి, రాయి కాలుతుంది | గులాబీ, చెట్ల పాదులు |
| నిమ్మ తొక్కలు | లేదు | రోజూ మార్చాలి | నిలవవు | ఒకటి రెండు కుండీలు |
| శబ్దం పెట్టె | ఎక్కువ | బ్యాటరీ, ఛార్జింగ్ | తడిస్తే పాడు | పెంపుడు జంతువుల్లేని ఇల్లు |
| నీళ్ళు చిమ్మేది | ఎక్కువ | పైపు, ఒత్తిడి | వేసవిలో నీళ్ళు ఖర్చు | పెద్ద తోట |
| ఇసుక గుంట | కొద్దిగా | రోజూ శుభ్రం | రేకు నీడ కావాలి | చోటున్న పెరడు, జాలీతో జతగా |

ఎవరికి ఏది

అద్దె ఇంట్లో ఉండి నాలుగు కుండీలు, రెండు తొట్లు పెట్టుకున్నవాళ్ళు పుల్లలతోనూ కొబ్బరి డొక్కలతోనూ సరిపెట్టుకోండి. ఖాళీ చేసేటప్పుడు పీకేస్తే పోతుంది, యజమానితో మాట రాదు.

మిద్దె తోట వాళ్ళ సంగతి వేరు. ఒంగోలులో మా చెల్లెలు మిద్దె మీద గ్రో బ్యాగుల్లో వేస్తుంది. అక్కడికి పిల్లులు మెట్ల మీంచో, పక్క మిద్దె పిట్టగోడ మీంచో ఒకే దారిన వస్తాయి. మెట్ల తలుపు రాత్రి మూయడం, ఆ ఒక్క గోడ మీద రెండడుగుల ఎత్తు మెష్ కట్టడం తనకు సరిపోయింది. ఏ మడికీ ఏమీ కప్పలేదు. కాబట్టి మిద్దె వాళ్ళు ముందు దారి వెతకండి. ఖాళీగా ఉన్న బ్యాగులను మాత్రం మట్టితో తెరిచి ఉంచొద్దు, మూతి మడిచి పెట్టండి. కొబ్బరి పీచు పొడి ఎక్కువగా ఉన్న మిశ్రమం పిల్లులకు మరీ ఇష్టం.

పెద్దవాళ్ళు ఇద్దరే ఉండే ఇంట్లో రోజూ వల ఎత్తి దించే పని పెట్టకండి. వంగలేనివాళ్ళకు నేల మీద జాలీ, సాయంత్రపు నీళ్ళు చాలు. జాలీ అంచు కాలికి తగిలి పడకుండా మడి లోపలికే ఉండేలా కోయించండి.

పాకే పిల్లలున్న ఇల్లయితే నేను ఇసుక గుంట వద్దంటాను. పిల్లలకు కూడా ఇసుకంటే ఇష్టమే. జాలీ, డొక్కలతో ఆగి, వాళ్ళు రెండు మూడేళ్ళు పెరిగాక గుంట సంగతి చూడండి. పిల్లి వచ్చే పెరట్లో పసివాళ్ళు మట్టిలో ఆడితే చేతులు సబ్బుతో కడగడం మరవొద్దు.

పిల్లుల్ని ఇష్టపడేవాళ్ళు, ఎలుకల బెడద ఉండి పిల్లి పూర్తిగా పోకూడదనుకునేవాళ్ళు గుంట, జాలీ రెండూ పెట్టుకోండి. మేం అలాగే ఉన్నాం. బియ్యం బస్తా ఉన్న గదికి ఎలుక రాకపోవడానికి ఆ గండుపిల్లే కారణమని నా నమ్మకం.

పిలుస్తున్నది మనమే అయితే

ఏ పద్ధతి పెట్టినా పిల్లులు తగ్గకపోతే వంటింటి నీళ్ళు ఎటు పోతున్నాయో చూడండి. మన ఇళ్ళలో చేపలు, రొయ్యలు కడిగిన నీళ్ళు మొక్కలకు బలమని కరివేపాకు పాదులో పోస్తాం. బలమే, కానీ ఆ వాసన వీధి చివరి పిల్లిని కూడా పిలుస్తుంది. రొయ్యల తలలు పైపైన పూడ్చడం, చేపా బెల్లమూ ఊరబెట్టిన ద్రావణం మళ్ళకు పోయడం, ఎముకల పొడి చల్లడం, అన్నిటిదీ ఇదే కథ. మానక్కర్లేదు. పాదులో అడుగు లోతు గుంట తీసి అందులో పోసి మట్టి కప్పండి, విత్తిన మళ్ళకు మాత్రం ఆ మూడు వారాలు దూరంగా ఉంచండి.

పక్కింట్లో ఒక అవ్వ రోజూ మధ్యాహ్నం పిల్లులకు పులుసన్నం పెడుతుంది. మొదట్లో నాకు ఆమె మీదే కోపం ఉండేది. ఒకరోజు వెళ్ళి, "అవ్వా, మా మళ్ళన్నీ తవ్వేస్తున్నాయి, ఏం చేద్దాం?" అని అడిగాను. "అన్నం నేను పెడతాను, నువ్వు కాస్త ఇసుక పెట్టు అమ్మాయ్, అది ఇంకెక్కడికి పోతుంది?" అంది. ఇసుక గుంట ఆలోచన నిజానికి అక్కడ మొదలైంది. ఇప్పుడు అన్నం గిన్నె ఆమె వాకిట్లో ఉంటుంది, గుంట మా వెనక మూల ఉంటుంది. తిండి పెట్టే చోట పిల్లులు దొడ్డికి పోవు కాబట్టి రెండూ దూరంగా ఉండటమే మంచిది.

సంఖ్య పెరుగుతుంటే ఆపరేషన్ తప్ప దారి లేదు. ఆడపిల్లి ఐదారు నెలలకే ఎదకు వస్తుంది, చూలు రెండు నెలలు దాటితే ఈనుతుంది, ఏడాదిలో రెండు మూడు ఈతలు. మగపిల్లికి చేయిస్తే గోడల మీద, కుండీల మీద ఆ ఘాటు మూత్రం చిమ్మడం కూడా చాలావరకు పోతుంది. అవ్వ, నేను, ఎదురింటివాళ్ళు తలా కొంత వేసుకుని రెండిటికి చేయించాం. వీధిలో నలుగురు కలిస్తే ఇది మోయలేని భారం కాదు.

గోతాంలో కట్టి పెన్న దాటించి కోవూరు వైపు వదిలేయమని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. కొన్ని పిల్లులు తిరిగి వచ్చేస్తాయి, రాని వాటి చోటులోకి కొత్తవి వస్తాయి, తెలియని చోట వదిలిన పిల్లి కుక్కల పాలవుతుంది. అన్నంలో మందు కలిపే ఆలోచన ఎవరికైనా వస్తే అది నేరమని గుర్తుంచుకోండి. జంతువుల పట్ల క్రూరత్వాన్ని నిషేధించే చట్టం 1960 నుంచి ఉంది. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద జంతువును చంపినా, విషం పెట్టినా, అవిటిది చేసినా ఐదేళ్ళ దాకా జైలు.

చివరగా, ఒక్కోసారి డొక్కల చాటునో, పొదల్లోనో, బోర్లించిన గంప కిందో పిల్లి ఈని ఉంటుంది. అప్పుడు ఆ మూల ఏ ఏర్పాటూ మొదలుపెట్టకండి. పిల్లల్ని తాకి జరపొద్దు. అలికిడి ఎక్కువైతే తల్లే నోట కరుచుకుని వేరే చోటికి మారుస్తుంది. లేకపోతే నాలుగైదు వారాలకు అవే బయటికి వచ్చి తిరగడం మొదలుపెడతాయి, ఎనిమిది వారాలకు పాలు మానతాయి. అన్నాళ్ళు ఆ పక్క మడి ఖాళీగా వదిలి తడిపి ఉంచండి, విత్తనం మిగతా మళ్ళలో చల్లుకోండి. పాలు మానాక తల్లికి ఆపరేషన్ చేయించి, అప్పుడు జాలీ పరవండి.